మన ఒంటి లెక్క ఎవరిది?

చలిజ్వరం తిరగబెట్టిన మనిషి పొట్ట తడిమి "బల్ల పెరిగింది" అనడం మన మన్యంలో పెద్దలకు తెలిసిన మాటే. ఇంగ్లీషువాళ్ల కాలంలో కొండెక్కి వచ్చిన డాక్టర్లు కూడా ఆ పనే చేశారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఎడమ డొక్క తడిమి, నూటికి ఎంతమందికి బల్ల ఉందో రాసుకునేవారు. మన పొరుగున ఉన్న జయపురం కొండల మలేరియా మీద పెర్రీ అనే డాక్టర్ రాసిన వ్యాసం 1914లోనే అచ్చయింది. తర్వాత వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తపు చుక్క పట్టుకెళ్లే కాలం వచ్చింది. ఇప్పుడు సికిల్ సెల్ పరీక్ష నడుస్తోంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది.

ఇవన్నీ అవసరమైన పనులే, కాదనం. కానీ వందేళ్లకు పైగా మన ఒంటిని కొలుస్తున్నారు కదా, ఆ లెక్క ఎవరి దగ్గర ఉండాలి? ఈ ప్రశ్న మనకంటే ముందు మరింత కఠినంగా ఎదురైన ఆదివాసులు ఉన్నారు. వాళ్ల ఒంట్లో కొలిచింది అణుధార్మికతను. వాళ్ల చరిత్ర మన పిల్లలకూ తెలియాలని ఈ సంచికలో రాస్తున్నాం.

ముందుగా కొలిచే పద్ధతి చెప్పుకుందాం. అణుబాంబు పేలితే పుట్టే సీజియం-137 ఒంట్లో చేరితే, దాని నుంచి వచ్చే గామా కిరణాలు చర్మం దాటి బయటికి వస్తాయి. మనిషిని కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టి, సోడియం అయొడైడ్ స్ఫటికం ఉన్న యంత్రంతో ఆ కిరణాలను లెక్కిస్తారు. నొప్పి ఉండదు, సూది ఉండదు. అయితే రాయిలో, మట్టిలో కూడా సహజంగా కొంత అణుధార్మికత ఉంటుంది కాబట్టి చుట్టూ సీసమో ఉక్కో అడ్డం పెట్టాలి. ఒంటి మీద దుమ్ము ఉంటే అది ఒంట్లోదిగా లెక్కకొస్తుంది, అందుకని స్నానం చేయించి బట్టలు మార్పించాలి. చలి, ఎండ మారితే స్ఫటికం లెక్క కూడా జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒంట్లో కూడా తిండి ద్వారా వచ్చిన పొటాషియం-40 దాదాపు 4,000 బెకరెల్‌లు ఉంటుంది. అది తెలియకపోతే అంకె చూసి అనవసరంగా హడలిపోతాం.

ఈ పరికరాలను 1962 వేసవిలో అమెరికా పరిశోధకుడు వేన్ హాన్సన్ బృందం అలాస్కా ఉత్తరాన ఇనుపియాట్ ఊళ్లకు మోసుకెళ్లింది. ఎక్కడో పేలిన బాంబుల ధూళి గాలిలో వచ్చి అక్కడి లైకెన్ మీద పడింది. లైకెన్‌ను కారిబూ జింకలు మేశాయి, ఆ జింకల మాంసం మనుషులు తిన్నారు. కారిబూ మీదే ఎక్కువగా బతికే అనక్టువుక్ పాస్ ఊరివాళ్లలో సీజియం ఎక్కువగా కనిపించింది. బాంబు వేసింది వాళ్లు కాదు. అడవిని నమ్ముకుని బతకడమే వాళ్లకు ముప్పయింది.

అదే అలాస్కాలో అంతకుముందు, 1955 నుంచి 1957 వరకు, సైన్యానికి చెందిన ప్రయోగశాల 102 మంది ఆదివాసులకు అయోడిన్-131 మందు మింగించి థైరాయిడ్‌ను పరీక్షించింది. తమకు ఇచ్చింది అణుధార్మిక పదార్థమని వాళ్లకు సరిగా తెలియజెప్పలేదని 1996లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి నివేదిక తేల్చింది.

మార్షల్ దీవుల కథ ఇంకా బాధాకరం. 1954 మార్చి 1న బ్రావో బాంబు ధూళి రొంగెలాప్ దీవి మీద పడింది. రెండు రోజుల తర్వాత గానీ జనాన్ని తరలించలేదు. 1957లో తిరిగి అదే దీవికి చేర్చారు. కొబ్బరి, పీత తింటూ బతికిన వాళ్ల ఒంట్లో సీజియం మళ్లీ పెరిగింది. డాక్టర్లు ఏటా వచ్చి కొలిచారు. అక్కడ జనం ఉంటే మనుషుల మీద విలువైన సమాచారం దొరుకుతుందని వాళ్ల నివేదికలోనే రాసుకున్నారు. చివరికి 1985లో దీవివాసులు 'రెయిన్‌బో వారియర్' ఓడెక్కి తమ గడ్డను తామే వదిలిపోయారు.

కొలత మనుషులకు ఉపయోగపడిన చోటు కూడా ఉంది. నార్వేలోని కౌటొకైనోలో సామీ పశువుల కాపరులను 1965 నుంచి కొలుస్తున్నారు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగాక ఆ దేశంలో రెయిన్‌డీర్‌లకు కోతకు ముందు శుభ్రమైన మేత పెట్టడం, సీజియంను పట్టి బయటికి పంపే ప్రష్యన్ బ్లూ ఇవ్వడం అలవాటైంది. పెద్దవాళ్ల ఒంట్లో చేరిన సీజియం సుమారు మూడు నెలల్లో సగానికి తగ్గుతుంది. అందుకే తిండి మారిస్తే అంకె మారుతుంది. సామీలకు ఆ అంకె బతుకు కాపాడుకునే దారి చూపింది.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది. నల్లమలలో చెంచుల నేల మీద యురేనియం అన్వేషణకు ప్రయత్నం జరిగితే జనం ఎదురుతిరిగారు, 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. యురేనియం సంగతి సీజియం లాంటిది కాదు. ఒంట్లో కొద్దిగా ఉంటే కుర్చీ యంత్రానికి చిక్కదు, మూత్రం పరీక్షించాలి. బావి నీళ్లలో సహజంగానే కొంత ఉండవచ్చు కాబట్టి, గని రాకముందు ఎంత ఉందో రాసి పెట్టుకోకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా రుజువు ఉండదు.

మన అనంతగిరి మండలం నిమ్మలపాడు నుంచి మొదలైన పోరాటం 1997లో సమత తీర్పు తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డు లేదు, యురేనియం కార్పొరేషన్ ప్రభుత్వ సంస్థే. కాబట్టి తీర్పు ఉందని నిశ్చింతగా కూర్చోలేం.

మన ఊళ్లోకి ఏ పరీక్ష వచ్చినా గ్రామసభలో మూడు మాటలు అడుగుదాం. ఎందుకు కొలుస్తున్నారో మన భాషలో చెప్పాలి. ఫలితం కాగితం ఎవరిది వాళ్ల చేతికి ఇవ్వాలి. కొలిచే పని మన పిల్లలకు నేర్పాలి. మార్షల్ దీవుల్లో తర్వాతి కాలంలో వచ్చిన కొలత కేంద్రాల్లో యంత్రం దగ్గర కూర్చున్నది ఆ దీవుల వాళ్లే. అక్కడ వీలైనది అరకులోనూ వీలవుతుంది.