నీటితీరువా నుంచి రొయ్యల కౌలు దాకా

తెనాలి నుంచి రేపల్లె పాసింజర్లో వెళ్తుంటే దారంతా వరిచేలు. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తే నలుచదరం చెరువులు, వాటిలో నురగలు లేపే ఏరేటర్లు. మా ఇంట్లో పెద్దవాళ్ళు వరిని సేద్యం అంటారు, రొయ్యల్ని వ్యాపారం అంటారు. ఒకటి సంస్కృతి, ఇంకోటి పెట్టుబడి అని నేనూ చాలాకాలం నమ్మాను. చరిత్ర చదివితే ఆ గీత నిలబడలేదు.

1832-33లో డొక్కల కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. మనుషులు పోయారు, వాళ్ళతోపాటు కంపెనీ శిస్తూ పోయింది. బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని వెనక దయ లేదని కాదు. కానీ కంపెనీని ఒప్పించింది మాత్రం లెక్కే: పెట్టిన ఖర్చుకి రాబడి ఎంత? వానకి లేని ధర కాలవ నీటికి వచ్చింది. దాని పేరు నీటితీరువా.

తరాలు మారేకొద్దీ ఆ లెక్క మరుగునపడింది. మూడు కాలవల తెనాలి నాటకాలతో ఆంధ్రా పారిస్ అనిపించుకుంది. బాపట్లకి 1945లో వ్యవసాయ కళాశాల వచ్చింది. అక్కడి పరిశోధకులు 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన ఇంటి అన్నమైంది. సంక్రాంతి పొంగలి వండేటప్పుడు కంపెనీ శిస్తు ఎవరికి గుర్తొస్తుంది?

రొయ్యకి మరుగునపడేంత వయసు ఇంకా రాలేదు, అంతే. 1990ల్లో టైగర్ రొయ్య, వెంటే తెల్లమచ్చ వైరస్. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు, తీర నియంత్రణ పరిధిలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులు తొలగించమంది. 2005 చట్టం వాటికి మళ్ళీ దారి తెరిచింది. 2009లో వెనామీ దిగింది.

అయితే రెండూ ఒకటేనా? కాదు. కాలవ నీళ్ళకి వంతులుంటాయి, వంతు దగ్గర తగాదా పడ్డా పక్కవాడితో మాట్లాడక తప్పదు. ఉప్పునీటికి గట్టు అడ్డం కాదు, మాటతో పనిలేదు.

మా ఎకరంన్నర రొయ్యల కౌలుకిచ్చాం. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ డబ్బే. తూర్పు చేలో రెండేళ్ళు వరి ఎండిపోయాక ఆ ఆసామీ కూడా చెరువు తవ్వించాడు. ఆయన్ని నాన్న ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తాడు. పడమటి చేలో ఇంకా వరే ఉంది.

ఈ వేసవిలో కౌలు కాగితం మళ్ళీ రాయాలి. పడమటి చేను వాళ్ళని అడిగాకే సంతకం పెడదామన్నాను నాన్నతో. "నీ ఫీజు కట్టేటప్పుడు ఎవర్నడిగాంరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అయినా ఈసారి అడగాలి.