తెల్లతోక దుప్పివేట - ఒక బాకీ చరిత్రము

ఇట్టి సంచికలయందు వంశచరిత్రములును, దానశాసనములును ప్రకటించుట పరిపాటి. ఈ తడవ మేము చదువరులను సముద్రములు దాటించి ఉత్తర అమెరికా ఖండపు తూర్పు అడవులలోనికి గొనిపోదలచితిమి. అక్కడి వృత్తాంతము వేటతో మొదలగునదే యైనను, కడకది అప్పుపద్దులలోనికిని, భూమి సరిహద్దులలోనికిని దిగినది. కావున పొలము పుట్రలు గలిగిన మన పోషకమహాశయులకు పరాయి ముచ్చటగా దోపదని మా నమ్మకము.

ఆ అడవులలో మన చుక్కలదుప్పి లేదు. తెల్లతోక దుప్పి కలదు. వేసవిలో నెరుపు, శీతకాలమున బూడిదవన్నె దాని మేనిరంగు. తోక యడుగుభాగము తెల్లగా నుండును. బెదరినతోడనే తోకను నిలువుగా నెత్తి పరుగిడును. ఆ తెల్లని జెండా చెట్లసందున గదలుట కంటబడెనా, వేటకాని నాటి శ్రమ వ్యర్థమైనట్లే. కొమ్ములు సాధారణముగ పోతునకే యుండును. అవి యేటేట శీతకాలమున రాలి వసంతమున మరల మొలచును. నవంబరు ప్రాంతమున జతకట్టు కాలమందు పోతు తన సహజమగు జాగ్రత్తను కొంత మరచును. వేటకాండ్రు కనిపెట్టుకొని యుండునది ఆ దినములకే.

తుపాకి రాకపూర్వము అచ్చటి ఆదివాసులు విల్లమ్ములతో వేటాడిరి. 1591లో ద బ్రీ ప్రకటించిన చెక్కడపు బటములలో, ఫ్లారిడా ప్రాంతపు తిముకువా జాతివారు తలతోగూడిన దుప్పితోలు కప్పుకొని, ఏటియొడ్డున నున్న దుప్పులను సమీపించుట చూడవచ్చును. చెరోకీ జాతివారి విశ్వాసము మరియు జక్కనిది. చంపిన ప్రతి దుప్పికిని వేటకాడు క్షమాపణ చెప్పుకొనవలెను. చెప్పనివానిని దుప్పులరాజగు ‘చిన్నదుప్పి’ నెత్తుటిజాడ వెంట వచ్చి, కీళ్ళనొప్పులచే గుంటివానిగ జేయునట. జేమ్సు మూనీ యను పండితుడు దీనిని 1900లో అచ్చొత్తించెను.

ఇక తుపాకి. మన పల్లెలలో భర్మారు తుపాకిని చూచినవారికి దీని తీరు కొత్త గాదు. కొమ్ములోని మందును కొలిచి గొట్టపుమూతిలో బోయవలెను. క్రొవ్వు పూసిన గుడ్డముక్కలో సీసపుగుండు నుంచి గజముతో అడుగంట దట్టింపవలెను. పిదప ప్రక్కనున్న చిన్నపళ్ళెములో రంజకము చల్లి మూయవలెను. మీట లాగగనే చెకుముకిరాయి యుక్కురేకును గీచును. రవ్వలు రంజకముపై బడును. ఆ మంట సన్నని బెజ్జముగుండ లోనికి బోయిన పిమ్మటగాని గుండు వెడలదు. ఆ రెప్పపాటులో గురి చలింపరాదు. తడి తగిలినచో రంజకమంటుకొనదు. బెజ్జము పూడినచో రంజకము భగ్గుమనునేగాని తుపాకి ప్రేలదు. ప్రేలినను, తెల్లని పొగ కమ్మి దుప్పి పడినదో పోయినదో తెలియదు. మరల దట్టించుటకు చేయి తిరిగినవానికైనను అరనిముసము పట్టును. కావున ఒక్కటే గుండు, ఒక్కటే యదను. పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు ప్రాంతపు జర్మను కమ్మరులు 18వ శతాబ్దమున పొడుగుగొట్టము లోపల మెలికగాండ్లు తీర్చి, దూరపుగురికి బేరు గన్న తుపాకులను జేసిరి. ఆదివాసుల చేతికి వర్తకులిచ్చినవి మాత్రము హెచ్చుగా గాండ్లు లేని తేలికపాటి నునుపుగొట్టములు.

విల్లు గూడెములోనే తయారగును. మందు గాదు, సీసము గాదు. మీట విరిగిన బాగుచేయు కమ్మరియు గూడెమున లేడు. ఇచ్చటనే చిక్కు పుట్టినది. ఆ మందు కథలో మన దేశమునకును గొంత పాలు కలదు. ఆ శతాబ్దమున ఇంగ్లండులో చేసిన తుపాకిమందునకు వలయు సూరేకారము అధికభాగము బీహారు, వంగ సీమలనుండి ఈస్టిండియా కంపెనీ యోడలపై బోయెను. పాట్నా మంటిలోనుండి తీసిన యుప్పు చెరోకీ యడవిలో దుప్పిని గూల్చెననిన అతిశయోక్తి కానేరదు.

వర్తకుడు శరత్కాలమున మందు, సీసము, బట్ట, సారాయి అరువిచ్చును. వేటకాడు శీతకాలమెల్ల నడవులలో దిరిగి, వసంతమున తోళ్ళతో బాకీ తీర్పవలెను. ఆ తోళ్ళను గీకి, మెదడు పట్టించి, పొగబెట్టి మెత్తపరచు పని స్త్రీలది. పద్దులలో వారి పేరు కానరాదు. కరోలినా సీమ 1699 మొదలు 1715 వరకు ఏటికి సరాసరి 50,000కు మించి దుప్పితోళ్ళ నెగుమతి చేసెను. ఇంగ్లండులో అవి చల్లడములును, చేతొడుగులును, పుస్తకపు అట్టలును అయ్యెను. పోతుదుప్పికి ఇంగ్లీషున ‘బక్’ అని పేరు. 1748లో ఒహాయో ప్రాంతమునకు బోయిన కాన్రాడ్ వైజరు దినచర్యలో సారాయిపీపా వెల అయిదు బక్కులని యున్నది. డాలరును నేటికిని అమెరికావారు ‘బక్’ అనుట ఇందుండియే వచ్చినదని పలువురి తలంపు.

దుప్పులు తరిగెను, బాకీలు పెరిగెను. 1715లో యమసీ జాతివారు వర్తకులపై దిరుగబడుటకు ఈ బాకీలును, వారి దౌర్జన్యములును ముఖ్యకారణములు. అంతకంటె ఘోరము 1773లో జరిగినది. జార్జియాలోని అగస్టా పట్టణమున చెరోకీ, క్రీకు జాతుల పెద్దలు వర్తకుల బాకీల రద్దుకై ఇరువది లక్షల యెకరములకు మించిన నేలను వదలుకొనిరి. ఆ నేలను వలసవారికమ్మి వర్తకుల పద్దులు తీర్చుట యేర్పాటు. బాకీపడినది వేటకాండ్రు, పోయినది జాతియెల్లరి యడవి. అప్పునకు పొలము వ్రాసియిచ్చిన కుటుంబములను మనమెరుగుదుము. అడవి వ్రాసియిచ్చిన జాతులను గూర్చి వినుట యరుదు. క్రీకు యువకులలో గొందరు దీని నొప్పుకొనక, ఆ శీతకాలముననే వలసవారి యిండ్లపై బడిరి.

తెల్లవారి వేటయు దక్కువది గాదు. 1769లో డేనియల్ బూను కెంటకీ యడవులలో జొచ్చి తోళ్ళు కూడబెట్టగా, షానీ జాతివారు వానిని గైకొని, మరల రావలదని హెచ్చరించి పంపిరి. బూను మరల వచ్చెను.

రోడు ఐలండులోని పోర్ట్సుమత్ పురము 1646లోనే దుప్పివేటకు నిషిద్ధకాలము నేర్పరచినది గాని, ఇట్టి కట్టుబాట్ల వలన ఫలము స్వల్పము. 1900 నాటికి దేశమంతట మిగిలినవి సుమారు అయిదు లక్షలేయని యంచనా. ఆ యేట చేయబడిన లేసీ చట్టము దొంగవేట మాంసమును రాష్ట్రములు దాటించుటను నిషేధించెను. 1937 నాటి చట్టము తుపాకులపైని, తూటాలపైని పన్నును వన్యమృగరక్షణకు మరల్చెను. నేడు దుప్పులు సుమారు మూడుకోట్లు.

1974లో పెన్సిల్వేనియా ప్రభుత్వము క్రిస్మసు పండుగ పిమ్మట చెకుముకి తుపాకికే ప్రత్యేకించి కొన్ని దినములు వేట ననుమతించెను. నాటినుండి మంచులో గంటలకొలది నిలిచి, రంజకము తడియకుండ చేయి యడ్డముంచుకొని, ఆ యొక్క గుండునకై కాచుకొను వేటకాండ్రచట కలరు. వారి మందును సీసమును వారే రొక్కమునకు గొనుకొందురు.