బెంచీ మీద జానెడు జాగా

పరకాల బస్టాండుకు కూతవేటు దూరంలో చిన్న ల్యాబ్. పొద్దున తొమ్మిది కాకముందే బెంచీలు నిండిపోయాయి. అమ్మ షుగర్ రిపోర్టు కోసం వచ్చిన మీరు గోడకు ఆనుకొని నిలబడ్డారు. స్పిరిట్ వాసన, ఉక్కపోత. బయట భూపాలపల్లి బస్సు హారన్ కొట్టినప్పుడల్లా ఒక పెద్దాయన లేచి తొంగిచూసి మళ్లీ కూర్చుంటున్నాడు.

మీ ముందున్న బెంచీ మీద ఇరవయ్యేళ్ల అమ్మాయి. అయిదో నెలేమో. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. పక్కనున్నామెది వాళ్ల ఊరే. తోడు రాలేదు, ఇక్కడే కలిసింది.

"ఏం పరీక్షలకొచ్చినవ్ బిడ్డా?"

"రక్తం పరీక్షలే చిన్నమ్మా."

అంతవరకే చెప్పాలనుకుంది. అంతవరకే చెప్పింది.

కౌంటర్లో కుర్రాడు కాగితాలు తిరగేసి, ఊరి పేరుతో సహా ఆమెను పిలిచాడు. "హెచ్‌ఐవీ రిపోర్టు ఇంకా రాలే. మిగిలినయి తీస్కపో."

మాటలు ఆగిపోయాయి. ఫ్యాను చప్పుడొక్కటే వినిపిస్తోంది. గర్భిణులకు మామూలుగా చేసే పరీక్షే అది. ముందే తెలిస్తే బిడ్డకు సోకకుండా మందులివ్వొచ్చు. మీకు తెలుసు. చిన్నమ్మకు తెలియదు. అమ్మాయి కాగితాలు తీసుకొని వచ్చేసరికి ఆమె జానెడు అవతలికి జరిగింది.

మీకు కడుపులో దేవినట్టయింది. రోగి రహస్యం దాచాలని 2002 నాటి వైద్య నియమావళి డాక్టర్లను కట్టడి చేసింది. సమ్మతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టొద్దనే 2017 నాటి చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ కుర్రాడు ఉందనలేదు, లేదనలేదు. పరీక్ష పేరే చాలింది.

సింగరేణి బొగ్గు గనుల సంస్థ ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం వల్ల ఒకామెకు హెచ్‌ఐవీ సోకింది. ఆ కేసులో 2001లోనే హైకోర్టు, చికిత్సకొచ్చినవాళ్లెవరో బయటపడనీయొద్దంది. అప్పుడే మిగతావాళ్లూ వైద్యానికి ముందుకొస్తారంది. ఎంత నిజం! ఈ బెంచీ మీదున్న వాళ్లలో రేపు పరీక్షకు వెనకాడేదెవరో?

మీరు కౌంటర్ మీదికి వంగి మెల్లగా అన్నారు: "తమ్మీ, పేరు పిలిస్తే సాలదా?"

"ఏమైందన్నా? పాజిటివ్ అనలే గదా!" నిజంగానే అతనికి అర్థం కాలేదు. ఎవరూ చెప్పి ఉండరు. లోపలినుంచి ల్యాబ్ అక్క వచ్చింది. ఏమీ అనకుండా రిపోర్టులన్నీ బోర్లించి పెట్టింది. తర్వాతి మనిషిని టోకెన్ నంబరుతో పిలిచింది.

బస్సు మళ్లీ హారన్ కొట్టింది. చిన్నమ్మ లేచి సంచి భుజానికేసుకుంది. "రా బిడ్డా, పోదాం."

"నువ్వు పో చిన్నమ్మా. నేను వెనక బస్సుకొస్త."

చిన్నమ్మ బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చొని ఫోన్ తీసింది. బస్సింకా కదలలేదు.