పిల్లి ఒక దారిన, నవ్వు ఒక దారిన

దగ్గరికి జరగండర్రా. ఒరేయ్ చిన్నోడా, ఆ దుంగ కాస్త లోపలికి తొయ్యి, మంట ఆరిపోతోంది. దెయ్యాల కథ కావాలా? దానికేమీ తీసిపోని ముచ్చట చెబుతాను, వినండి.

నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పే రోజుల్లో, వస్తువునీ దాని గుణాన్నీ విడదియ్యొచ్చా అని అడిగినవాడు లేడు. అడిగితే నవ్వేవాళ్లం. న్యూట్రాన్ ఉందా, 1932లో కేంబ్రిడ్జిలో చాడ్విక్ కనిపెట్టాడు. దానికి విద్యుదావేశం లేదు గాని, స్పిన్ అనే గుణం ఉంది. దానివల్ల అదొక బుల్లి అయస్కాంతం. న్యూట్రాన్ ఎటు పోతే ఆ అయస్కాంతమూ అటే పోవాలి కదా! మిరపకాయ ఈ బుట్టలో ఉంది, కారం ఆ బుట్టలో ఉంది అంటే మీ నాయనమ్మ ఊరుకుంటుందా?

   

తర్వాత ఆ ప్రశ్న అడిగినవాళ్లొచ్చారు. ఇజ్రాయెల్‌లో యాకిర్ అహరొనోవ్ అని ఒక భౌతిక శాస్త్రవేత్త, మహా గడుసు మనిషి. న్యూట్రాన్ లాంటి ఈ కణాలతో చిక్కేమిటంటే, గట్టిగా కొలిస్తే వాటి తీరే మారిపోతుంది. అందుకని 1988లో ఆయన, ఇంకో ఇద్దరూ కలిసి తాకీ తాకనట్టు కొలిచే పద్ధతి చెప్పారు. ఒక్క కణం దగ్గర తెలిసేది దాదాపు సున్నా. వేలకొద్దీ కణాల మీద సగటు తీస్తే అప్పుడు ఏదో బయటపడుతుంది. 2013లో ఆయనా, సాండు పోపెస్కూ మరో ఇద్దరూ ఆ పద్ధతితోనే ఒక వింత చెప్పారు: కణం ఒక దారిన, దాని గుణం ఇంకో దారిన పోయినట్టు చూపించొచ్చని. దానికి ‘క్వాంటమ్ చెషైర్ పిల్లి’ అని పేరు పెట్టారు. లూయీ కారల్ 1865లో రాసిన ఆలిస్ కథలో ఒక పిల్లి ఉంటుంది. మెల్లగా మాయమైపోతుంది, దాని నవ్వు మాత్రం మిగిలిపోతుంది.

మరుసటి ఏడే వియన్నా నుంచి హసెగావా అనే శాస్త్రవేత్త బృందం ఫ్రాన్సులోని గ్రెనోబుల్ రియాక్టరుకి వెళ్లి న్యూట్రాన్లతో ఆ ప్రయోగం చేసి చూసింది. ఆ పరికరం చూడాలర్రా! ఒకే సిలికాన్ స్ఫటికంలోంచి చెక్కిన పలకలు. ఎక్కడా అతుకు లేదు. న్యూట్రాన్ తరంగం మొదటి పలక దగ్గర రెండు దారులుగా చీలి, చివరి పలక దగ్గర కలుస్తుంది. ఒక దారిలో స్పిన్ ఇటు, రెండోదాంట్లో సరిగ్గా దానికి ఎదురు. బయటికొచ్చే చోట రెండో దారి స్పిన్ ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుని, మిగతావి వదిలేశారు.

మొదటి దారిలో న్యూట్రాన్లని కొద్దిగా మింగే పలుచని అడ్డు పెట్టారు. చివర దొరికిన న్యూట్రాన్ల లెక్క తగ్గలేదు! అదే అడ్డు రెండో దారిలో పెడితే తగ్గింది. అంటే న్యూట్రాన్లు రెండో దారిన పోతున్నాయన్నమాట. ఇప్పుడు సన్నని అయస్కాంత క్షేత్రం పెట్టారు. రెండో దారిలో పెడితే చెప్పుకోదగ్గ మార్పేం లేదు. మొదటి దారిలో, ఎవరూ లేరనుకున్న దారిలో పెట్టగానే లెక్క మారిపోయింది. పిల్లి అక్కడ, నవ్వు ఇక్కడ!

పత్రికలవాళ్లకి ఇంకేం కావాలి, పండగే. 2015లో కొందరు భౌతిక శాస్త్రవేత్తలు మాత్రం అడ్డం తిరిగారు. నా మాట అడిగితే వాళ్ల వైపే మొగ్గుతాను. వాళ్ల మాటేమిటంటే, మొదటి దారిలో క్షేత్రం పెడితే అక్కడి స్పిన్ కాస్త పక్కకి ఒరుగుతుంది. ఆ ఒరిగిన పిసరు చివరి వడపోతలోంచి జారి, రెండో దారి తరంగంతో కలుస్తుంది. అందుకే లెక్క మారింది. ఇది మామూలు తరంగాల ఆటే. అయస్కాంతం ఊడిపోయిన న్యూట్రాన్ని ఒక్కదాన్ని కూడా ఎవరూ పట్టుకోలేదు.

అలాగని ప్రయోగాన్ని తక్కువ చెయ్యకండి. అంత నాజూకుగా కొలవడం మా రోజుల్లో కల. కాకపోతే గుణాన్ని వస్తువునుంచి విడదీశామని రేపు ఎవరైనా మీకు చెబితే, వేటిని లెక్కలో ఉంచారు, వేటిని వదిలేశారు అని ముందు అడగండి.