మెండోజా లైన్

బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు మన క్రికెట్ సగటు లాంటిది కాదు. పరుగులతో దానికి పని లేదు. లెక్కకు వచ్చే అయిదు అవకాశాల్లో ఒక్కసారి బంతిని కొట్టి బేస్ చేరితే సగటు .200. అంతకన్నా దిగజారినవాణ్ణి 'మెండోజా లైన్' కింద ఉన్నాడంటారు అమెరికా అభిమానులు.

మారియో మెండోజా మెక్సికో నుంచి వచ్చిన షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు కాసే ఫీల్డర్. 1979లో సియాటెల్ మెరైనర్స్ తరఫున ఆడి .198 దగ్గర ఆగిపోయాడు. తోటి ఆటగాళ్లు వేళాకోళంగా అతని పేరుతో గీత గీసేశారు. కాన్సస్ సిటీ హీరో జార్జ్ బ్రెట్, ఆదివారం పేపర్లో సగటుల పట్టిక తిరగేస్తూ ఆ గీత కింద ఎవరున్నారా అని వెతుకుతానన్నాడు. 1980లో .390 కొట్టిన మహానుభావుడు, ఏమన్నా చెల్లుతుంది! తర్వాత ఈఎస్‌పీఎన్ క్రీడా చానెల్‌లో వ్యాఖ్యాత క్రిస్ బెర్మన్ ఆ మాటను ఇంటింటికీ చేర్చాడు. కొత్త కుర్రాళ్ల భవిష్యత్తు లెక్కలేసే అభిమానులకు ఇప్పటికీ అదే కొలబద్ద.

నన్నడిగితే ఇది అన్యాయం. మెండోజాను జట్టులో ఉంచింది బ్యాటు కాదు, ఫీల్డింగ్. మెక్సికోలో అతన్ని 'పట్టుచేతులు' అని పిలుచుకున్నారు. పైగా మేజర్ లీగ్స్‌లో అతని మొత్తం సగటు .215, అంటే మెండోజా లైన్‌కు పైనే.