పిక్సార్ అమ్మలేకపోయిన పెట్టె

పిక్సార్ అంటే మనకి టాయ్ స్టోరీయే గుర్తొస్తుంది. కానీ 1986లో ఆ కంపెనీ అమ్మకానికి పెట్టింది సినిమా కాదు, పిక్సార్ ఇమేజ్ కంప్యూటర్ అనే పెట్టె. ఖరీదు 1,35,000 డాలర్లు. కొంటారనుకున్న వాళ్ళలో ఆసుపత్రులూ ఉన్నాయి. సీటీ స్కాన్ ముక్కల్ని పేర్చి 3డీ బొమ్మ చూపిస్తుందన్నమాట. డ్రెబిన్, కార్పెంటర్, హన్రహాన్‌ల 1988 నాటి వాల్యూమ్ రెండరింగ్ పేపర్ అక్కడ పుట్టిందే. ఐడియా బావుంది, బేరమే సాగలేదు. 1990లో హార్డ్‌వేర్ విభాగాన్నే అమ్మేశారు.

తమాషా ఏంటంటే, దాదాపు పాతికేళ్ళకి సినిమావాళ్ళ కిటుకే ఆసుపత్రికి తిరిగొచ్చింది. సీమెన్స్‌లో క్లాస్ ఏంగెల్, రాబర్ట్ ష్నైడర్ చేసిన సినిమాటిక్ రెండరింగ్‌లో వెలుతురు ఎలా చెదురుతుందో, నీడ ఎక్కడ పడుతుందో కిరణం కిరణంగా లెక్కగడతారు. కణితి రక్తనాళానికి ముందుందా, వెనకనుందా అన్నది ఆ నీడల వల్ల చప్పున తెలుస్తుంది. ఆపరేషన్‌కి ముందు సర్జన్‌కి కావలసింది అదే కదా.

నా భయం వేరే. సీటీకి రంగు తెలీదు. ప్రతి చుక్కకీ ఒక హౌన్స్‌ఫీల్డ్ అంకె ఇస్తుంది, అంతే: నీటికి 0, గాలికి మైనస్ 1000. ఏ అంకె ఎర్రగా కనపడాలి, ఏది మాయమవ్వాలి అన్నది ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ రాసిన మనలాంటివాడి నిర్ణయం. కాలేయానికి దగ్గర అంకె ఉన్న కణితి అందులోనే కలిసిపోవచ్చు. ఫోటోలా ఉందిగదా అని నమ్మితే అంతే సంగతులు! అందుకే రేడియాలజిస్టులు ఇప్పటికీ ఆ బూడిదరంగు ముక్కల్ని ఒక్కొక్కటీ తిప్పి చూస్తారు.