కొత్త నాటకానికి పుట్టిల్లు మన సీమే

గార్లదిన్నెలో రైలెక్కి గుంతకల్లులో బండి మారితే బళ్లారి చేరతాం. తెలుగు నాటకం నడక నేర్చిన దారుల్లో అదొకటి. ధర్మవరంలో 1853లో రామకృష్ణమాచార్యులు పుట్టాడు. తాడిపత్రిలో 1880లో రాఘవాచార్యులు పుట్టాడు. ఒకరు మేనమామ, ఒకరు మేనల్లుడు. ఇద్దరూ బళ్లారిలో వకీళ్లు, ఇద్దరూ రంగస్థలానికి ప్రాణం పెట్టినవాళ్లు. పెద్దాయనను లోకం ఆంధ్ర నాటక పితామహుడంది. చిన్నాయనను బళ్లారి రాఘవ అని పిలుచుకుంది.

ఈ ప్రత్యేక సంచికలో నాటక సంస్థల చరిత్ర రాయమన్నప్పుడు నాకు మొదట మనసులో మెదిలింది సరస వినోదిని సభ. రామకృష్ణమాచార్యులు 1886లో బళ్లారిలో స్థాపించిన సభ అది. బళ్లారి అంటే పరాయి ఊరు అనుకోకండి. అనంతపురం జిల్లా 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనవైపు వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. 2022లో ధర్మవరం కూడా శ్రీసత్యసాయి జిల్లాలో చేరింది. గీతలు ఎన్నిసార్లు మారినా ఆ సభ మన ఇంటిదే. దాని చరిత్ర మన ఇంటి చరిత్రగానే చెప్పుకోవాలి.

ఆ సభ ఎందుకు పుట్టింది? కొత్త నాటకాల కోసం పుట్టింది. అప్పటికి తెలుగులో నాటకం రాయడమే కొత్త. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన ‘వ్యవహార ధర్మబోధిని’ని 1880లో ప్రదర్శింపజేసి ఆరేళ్లే అయింది. మరాఠీ, పార్సీ కంపెనీలు ఊళ్లలో డేరాలు వేసి ఆడుతుంటే జనం విరగబడి చూసేవారు. మన భాషలో మన వాళ్లు ఆడే ఆట ఏదీ అన్న ప్రశ్నకు రామకృష్ణమాచార్యులు ఇచ్చిన జవాబు ‘చిత్రనళీయం’. తానే రాశాడు, తానే నేర్పాడు, తానే వేషం కట్టాడు. పగలు కోర్టు, సాయంత్రం రిహార్సలు. ఆయన కలం నుంచి దాదాపు 30 నాటకాలు వచ్చాయి. ఒకటి జనానికి నచ్చిందని దాన్నే పాతికేళ్లు తిప్పి ఆడుకుంటూ కూర్చోలేదు. సభ్యులకు ఎప్పటికప్పుడు కొత్త పాత్రలు, చూసేవాళ్లకు కొత్త కథలు అందించాడు.

ఆయన చేసిన సాహసాల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ‘విషాద సారంగధర’. సవతి తల్లి చిత్రాంగి మోపిన నిందకు బలైన రాజకుమారుడి కథ ఇది. ఈ కథ జనానికి తెలిసిందే. సిద్ధుడు వచ్చి కాపాడతాడు, పోయిన కాళ్లూ చేతులూ మళ్లీ వస్తాయి, అంతా శుభం. మన నాటక సంప్రదాయం శోకంతో తెర దించడాన్ని ఒప్పుకోదు. రామకృష్ణమాచార్యులు ఆ శుభాన్ని తీసేసి దుఃఖంతోనే ముగించాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరు పొందింది అదే. ఇంటికి పోయేటప్పుడు మంగళం పాడించుకోవడానికి అలవాటుపడిన ప్రేక్షకులను కన్నీళ్లతో లేపి పంపడానికి ఎంత ధైర్యం కావాలో ఒక్కసారి ఆలోచించండి. ఆ ప్రేక్షకులు దాన్ని మెచ్చుకున్నారు, మళ్లీ మళ్లీ చూశారు. కొత్తదనాన్ని గుండెలకు హత్తుకోవడం మన సీమ జనానికి ఎవరూ నేర్పలేదు, 140 ఏళ్ల కిందటే వాళ్లకు తెలుసు.

సరస వినోదిని సభ 1891లో మద్రాసు వెళ్లి నాటకాలు ఆడింది. అక్కడ చూసినవాళ్లలో పమ్మల్ సంబంధ ముదలియార్ అనే యువకుడున్నాడు. నాటకమంటే అప్పటిదాకా ఆయనకు పెద్దగా గౌరవం లేదు. చదువుకున్నవాళ్లు, వకీళ్లు, ఉద్యోగస్థులు ముఖానికి రంగు పూసుకుని అంత దీక్షతో ఆడటం చూసి మనసు మార్చుకున్నాడు. అదే ఏడాది జులైలో సుగుణ విలాస సభను స్థాపించాడు. తర్వాత తమిళంలో 90కి పైగా నాటకాలు రాసి ఆధునిక తమిళ నాటకానికి తండ్రి అనిపించుకున్నాడు. ధర్మవరం వాడు రాసిన తెలుగు నాటకాన్ని చూసి ఒక పొరుగు భాష రంగస్థలం లేచి నిలబడిందన్నమాట. ఇంతకన్నా పెద్ద సన్మానం ఏ నాటక సంస్థకు దొరుకుతుంది? బడి పుస్తకాల్లో ఈ ముక్క ఉండాలని నా కోరిక.

బళ్లారిలోనే కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టి పోటీకి దిగాడు. ధర్మవరం వారు పురాణాన్ని కరుణతో నింపితే కోలాచలం వారు చరిత్రను తవ్వారు. విజయనగర పతనాన్ని రంగం మీదికి తెచ్చాడు. ఆ ఊళ్లో రెండు సభలు, ఇద్దరు రచయితలు ఒకరిని మించి ఒకరు కొత్త నాటకాలు దించుతుంటే ప్రేక్షకుడికి పండగే కదా. కోలాచలం వారి ‘రామరాజు చరిత్ర’లో రుస్తుం అనే పఠాను వేషంతోనే రాఘవ జనం నోళ్లలో నిలిచాడు.

రాఘవ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మామ నాటకాల్లో పద్యం, పాట రాజ్యమేలేవి. మేనల్లుడు ఆ పీఠాన్నే కదిపాడు. చనిపోయే మనిషి లేచి వన్స్‌మోర్‌కు పద్యం మళ్లీ అందుకోవడం, రాగాలాపన సాగదీస్తుంటే మిగతా పాత్రలు దిక్కులు చూస్తూ నిలబడటం ఆయనకు నచ్చేవి కాదు. పాత్ర మనసులో ఏముందో అది ముఖంలో, గొంతులో, మౌనంలో కనబడాలన్నాడు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. ఆయన పక్కన కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలు రంగస్థలం ఎక్కారు. పి.వి. రాజమన్నార్ రాసిన ‘తప్పెవరిది’ని 1930 ప్రాంతంలో రాఘవ ఆడాడు. రాజులు లేరు, కిరీటాలు లేవు. ఒక ఇంట్లో భార్యాభర్తల మధ్య ఏం జరుగుతుందన్నదే నాటకం. ఆ రచయిత తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, 1953లో ప్రారంభమైన సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడయ్యాడు. పేరున్న నటుడు పేరులేని కొత్త నాటకాన్ని భుజానికెత్తుకుంటే ఏమవుతుందో చూపడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. రాఘవ 1946లో కన్నుమూశాడు. అప్పటికి తెలుగు నాటకం ఆయన చూపిన వైపు తిరిగిపోయింది.

ఆ తర్వాతి పనిని పరిషత్తులు అందుకున్నాయి. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో మొదలైంది. సీమలో కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన కుటుంబ నాటక సమాజం పెద్ద వనారస గోవిందరావు దాని పుట్టుకలో ముందున్నాడు. వచ్చే 2029తో పరిషత్తుకు నూరేళ్లు నిండుతాయి. పరిషత్తులు నడిపేది నాటక పోటీలు. పోటీ అనేసరికి పెదవి విరిచేవాళ్లున్నారు గానీ, కొత్త నాటకం రాయించడంలో పోటీని మించిన పద్ధతి తెలుగునాట ఇంకా రాలేదు. పోటీ కోసమే రచయిత కొత్త స్క్రిప్టు రాస్తాడు. సమాజం ఆరు నెలలు కష్టపడుతుంది. రాత్రికి మూడు ప్రదర్శనలు పడితే ప్రేక్షకుడు కుర్చీ వదలడు. ఫలానా నాటికలో ఫలానా సీను చూశావా అని మర్నాడు టీ అంగడి దగ్గర చర్చ పెడతాడు. ఆ చర్చే అసలైన బహుమతి.

గంటలోపు ముగిసే నాటిక ఈ వేదికల మీదే పెరిగి పెద్దదైంది. ఆత్రేయ ‘ఎన్జీవో’ పూర్తి నాటకంలో చాలని జీతపు గుమాస్తా ఇంటి గుట్టు విప్పాడు. గణేశ్ పాత్రో ‘కొడుకు పుట్టాల’ మగపిల్లాడి కోసం పాకులాడే కుటుంబాన్ని చూపి ఊరూరా తిరిగింది. గొల్లపూడి మారుతీరావు ‘కళ్లు’ నాటిక నాకు చాలా ఇష్టం. గుడ్డి బిచ్చగాళ్ల గుంపులో ఒకడికి చూపు వస్తుంది, వచ్చాక ఏమవుతాడన్నదే కథ. సెట్టింగు అక్కర్లేదు, చిరిగిన బట్టలు చాలు. ఆ చూపు వచ్చినవాడి ముఖం మారే క్షణంలో సభలో ఒక్కరూ కదలరు. 1988లో అది సినిమా అయింది, కానీ ఆ బిగువు రంగస్థలం మీద చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎన్.ఆర్. నంది ‘మరో మొహెంజొదారో’, సి.ఎస్. రావు ‘ఊరుమ్మడి బ్రతుకులు’, పాటిబండ్ల ఆనందరావు ‘పడగనీడ’ ఒక్కొక్కటీ ఒక్కో కొత్త కిటికీ తెరిచాయి. 1998 నుంచి ప్రభుత్వ నంది నాటకోత్సవాలు తోడై పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక అంటూ విడివిడిగా గుర్తింపు ఇచ్చాయి. పిల్లల నాటికకు వేరే పీట వేయడం అన్నిటికన్నా తెలివైన పని.

ఇప్పుడు మన గార్లదిన్నెకు వద్దాం. జాతీయ రహదారి 44 పక్కన ఊరు, మండలంలోనే పెన్న మీద పెనకచర్ల డ్యాము. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లొస్తే మిడ్‌పెన్నార్ నిండుతుంది, రాకపోతే అందరం ఆకాశం చూస్తాం. జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. చెనిక్కాయ చేతికొచ్చిన ఏడు పల్లెల్లో ‘కురుక్షేత్రం’, ‘సత్యహరిశ్చంద్ర’ పడతాయి. ఆర్మోనీ మాస్టరు వచ్చి నెలల తరబడి ఉండి పద్యాలు నేర్పుతాడు. సేద్యం చేసే మనిషి కృష్ణుడవుతాడు, మేకలు కాసే మనిషి అర్జునుడవుతాడు. ఆ పద్యనాటకం మన ఆస్తి, దాన్ని వదులుకోమని నేను చచ్చినా అనను. అయితే దానికి సీనరీ, డ్రెస్సులు, లైట్లు, అద్దె నటీమణులు, తెల్లవార్లూ మైకు కావాలి. పంట పోయిన ఏడు చందాలు రావు, నాటకం ఆగిపోతుంది. మన కరువే మన రంగస్థలాన్ని మూయించింది.

అందుకే అంటున్నాను, కరువు సీమకు నాటిక చక్కగా సరిపోయే రూపం. నలుగురైదుగురు నటులు, ఒకటే సెట్టు, గంటసేపు. బడి వరండా చాలు, రెండు లైట్లు చాలు. ఏమప్పా, యాడికి పోతాండావు అని మనం మాట్లాడుకునే మాటే సంభాషణ. పరిషత్తు నాటికల్లో కోస్తా యాస, ఉత్తరాంధ్ర యాస, తెలంగాణ యాస ఘనంగా వినబడుతున్నాయి. మన యాస ఎక్కువగా తొడ కొట్టే పాత్రలకే దక్కుతోంది. సినిమాలు నేర్పిన ఆ అలవాటును నాటకం మోయాల్సిన పని లేదు. బోరు ఎండిపోయిన ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఎట్ల మాట్లాడుకుంటారో, బెంగుళూరుకు కూలికి పోయే కొడుకు తెల్లవారుజామున బస్సెక్కేటప్పుడు అవ్వ ఏమంటుందో మన రంగస్థలం మీద వినాలి.

కథలు లేవనే సాకు మనకు లేదు. సేద్యం ఎంత పెద్ద పందెమో చెప్పిన సింగమనేని నారాయణ ‘జూదం’, చిలుకూరి దేవపుత్ర ‘ఆరుగ్లాసులు’, బండి నారాయణస్వామి ‘సావుకూడు’ మన జిల్లా నేలలోంచి వచ్చినవే. ఒక్కో కథలో ఒక నాటిక సిద్ధంగా ఉంది, సంభాషణ సగం రాసే ఉంది. రచయితల అనుమతి, వాళ్లు లేకపోతే కుటుంబాల అనుమతి తీసుకుని పని మొదలుపెట్టడమే తరువాయి. ఐర్లండు వాళ్లు 1904లో డబ్లిన్‌లో ఆబీ థియేటర్ తెరిచి తమ పల్లెటూరి మనుషుల మాటనే కొత్త నాటకాలుగా రాయించుకున్నారు. చిన్న దేశం, పేద దేశం. లోకమంతా వాళ్ల నాటకాన్ని చూసింది.

మెచ్చుకోలు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొత్త నాటకం మొదటి ప్రదర్శనలో తడబడుతుంది. ఒక లైటు ఆలస్యంగా వెలుగుతుంది, ఒక డైలాగు మరిచిపోతారు. ఆ రాత్రి మనం వంకలు లెక్కపెడితే రెండో ప్రదర్శన ఉండదు. చప్పట్లు కొట్టడమంటే మొహమాటం తీర్చుకోవడం కాదని నేను నమ్ముతాను. ఎక్కడ గుండె ఆగిందో చెప్పాలి, ఎక్కడ సాగిందో చెప్పాలి. ఈ రెండూ రచయితకు ఎదురుగా నిలబడి ప్రేమతో చెప్పాలి. రామకృష్ణమాచార్యులు 30 నాటకాలు రాయగలిగాడంటే ఎదురుగా కూర్చుని చూసిన బళ్లారి జనానికి అందులో సగం పుణ్యం దక్కుతుంది.

ఈ సంచిక చదువుతున్న గార్లదిన్నె, కల్లూరు, ఇల్లూరు, పెనకచర్ల ఊరి పెద్దలకు నా మనవి ఇది. వచ్చే తిరునాళ్లలో పద్యనాటకం మొదలయ్యే ముందు ఒక గంట కొత్త నాటికకు కేటాయించండి. అయ్యవార్లు, టీచరమ్మలు పిల్లల చేత ఏడాదికి ఒక నాటిక రాయించండి, మన యాసలోనే రాయించండి. చందా ఇవ్వలేని ఏడు ఉత్త చేతులతోనే రండి, ముందు వరసలో కూర్చోండి. ఆట అయ్యాక రంగం వెనక్కు వెళ్లి రాసినవాళ్లను, ఆడినవాళ్లను పలకరించండి.